అందిందని చెప్పే దీపం

పొద్దున్న ఏడింటికి టిఫిన్ బండి దగ్గర నిలబడితే ఒక చిన్న తంతు కనిపిస్తుంది. ఇడ్లీ తిన్న కుర్రాడు ఫోను తిప్పి చూపిస్తాడు, తెర మీద పచ్చటి టిక్కు. "పంపేశానండీ" అంటాడు. బండాయన ఆ టిక్కు వైపు చూడనైనా చూడడు. చట్నీ గిన్నె పక్కన పెట్టిన యూపీఐ డబ్బా నోరు విప్పేదాకా ఆగుతాడు. డబ్బులు అందాయని అది హిందీలో అరిచాకే ఆయన చెయ్యి తర్వాతి ప్లేటు మీదికి పోతుంది.

పంపడం వేరు, అందడం వేరు అని ఆయనకు బళ్లో ఎవరూ చెప్పలేదు. రెండు మూడుసార్లు మునిగాక తెలిసొచ్చింది. చిత్రమేమిటంటే, అదే మనిషి బండిలో పెట్టుకున్న రెండో బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి ఈ తెలివి వాడడు. చార్జరు కొన్నాడు, వైరు లాగించాడు, ఇంజను తిరుగుతోంది. ఇంకేం, చార్జింగు అవుతూనే ఉంటుందనుకుంటాడు. ఆ అనుకోవడాన్ని రోజూ పరీక్షకు పెట్టే ఒక ఎర్ర దీపం సంగతే ఈ అధ్యాయం.

భిలాయి లాంటి ఊళ్లో ఈ మాట చెప్పడం ఒక విధంగా తేలిక. 1955లో ఇక్కడి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటి నుంచీ ఈ ఊరు దీపాలూ మీటర్లూ చూసి బతుకుతోంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల వైపు నుంచి వచ్చి సెక్టార్లలో, క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఉక్కు కర్మాగారంతో సంబంధం లేని ఇల్లు వెతికితేగాని దొరకదు. ఇలాంటి కర్మాగారాల కంట్రోల్ రూముల్లో హెచ్చరిక దీపాల ప్యానెల్ ఒకటి ఉంటుంది. దానికొక బటన్. నొక్కితే ప్యానెల్‌లో ఉన్న దీపాలన్నీ ఒక్కసారి వెలగాలి, వెలగనిది ఉంటే దాని బల్బు మార్చాలి. ఆ బటన్ పేరు ల్యాంప్ టెస్ట్. ప్రమాదం లేక దీపం ఆరి ఉందా, లేక దీపమే చచ్చిపోయిందా అన్న అనుమానాన్ని తీర్చడం దాని పని. ఇంట్లో తాతకో నాన్నకో తెలిసిన ఈ సంగతి బండి వైరింగు దగ్గర ఎందుకు గుర్తు రాదో!

ఖుర్సీపార్ నుంచి సివిక్ సెంటర్ వైపు రోజూ వెళ్లే ఒక టిఫిన్ బండిని ఊహించుకుందాం. చోటా హాథీ అని జనం పిలుచుకునే చిన్న ట్రక్కు, వెనక డబ్బా కట్టించారు. దాన్లో ఎల్‌ఈడీ పట్టీలు, పొగ లాగే ఫ్యాను, యూపీఐ డబ్బా, ఫోను చార్జింగు అన్నీ కలిపి 60 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. నాలుగు గంటల బేరానికి 20 ఆంపియర్-అవర్లు. చట్నీ అయిపోతే ఇన్వర్టర్ మీద 500 వాట్ల మిక్సీ ఐదు నిమిషాలు తిప్పితే ఇంకో 4. ఇంజను బ్యాటరీ మీద ఇదంతా మోపితే ఇంటికి తిరిగెళ్లేటప్పుడు సెల్ఫ్ కొట్టదు. అందుకే 75 ఆంపియర్-అవర్ల రెండో బ్యాటరీ, దానికి 20 ఆంపియర్ల చార్జరు.

డ్యాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ దీపం ఒకటి ముందే ఉంది కదా, ఇంకోటి ఎందుకని అడుగుతారు. ఆ దీపం ఎవరి తరఫున మాట్లాడుతుందో చూడాలి. పాత బండ్లలో దాని వైరింగు ముచ్చటైనది: ఒక కొస తాళం నుంచి, రెండో కొస ఆల్టర్నేటరు (మెకానిక్కుల నోట డైనమో) మీది డీ ప్లస్ అనే పిన్నుకు. తాళం తిప్పగానే ఒకవైపు 12 వోల్టులు, రెండోవైపు దాదాపు సున్నా. బల్బు వెలుగుతుంది. ఇంజను లేచి డైనమో పుంజుకుంటే రెండోవైపూ వోల్టేజీ వస్తుంది. రెండు కొసలూ సమానమైతే కరెంటు పారదు, దీపం ఆరిపోతుంది. పైగా ఆ బల్బు గుండా పారే చిన్న కరెంటే డైనమోను మొదట మేలుకొలుపుతుంది. అందుకే అక్కడ బల్బు పీకి ఎల్‌ఈడీ పెడితే కొన్ని బండ్లలో చార్జింగే మొదలవదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఈ దీపం కంప్యూటర్ చేతిలో ఉండటం మామూలే, కాబట్టి ఆ వైరు జోలికి అసలు పోకూడదు. పాతదైనా కొత్తదైనా ఆ దీపం చెప్పేది డైనమో సంగతి, ముందు బ్యాటరీ సంగతి. వెనక డబ్బాలోని బ్యాటరీ చచ్చినా బతికినా దానికి తెలియదు.

ఇక మిస్త్రీ దగ్గర జరిగే సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది.

"పచ్చ బత్తీ ఎట్టీమంటావేటి మావయ్యా? చార్జింగు అవుతున్నంతసేపూ ఎలుగుతాది."

"ఎలక్కపోతే?"

"ఎలక్కపోతే అవ్వట్లేదన్నట్టే కదేటి."

"బల్బే మాడిపోతే?"

మిస్త్రీ బుర్ర గోక్కుంటాడు. మావయ్య అడిగిన ఆఖరి ప్రశ్నలోనే కిటుకంతా ఉంది. పచ్చ దీపం ఆరినప్పుడు చెప్పాల్సిన మాటను చీకటితో చెబుతుంది. రోడ్డు మీద కళ్లు పెట్టుకుని నడిపేవాడికి కొత్తగా వెలిగిన ఎరుపు కనబడుతుందిగాని, ఎప్పుడో ఆరిపోయిన పచ్చ కనబడదు. కాబట్టి దీపం చార్జింగు లేనప్పుడే వెలగాలి. వైరు తెగినా, ఫ్యూజు పోయినా, చార్జరు మాడినా, ఏది పాడైనా ఫలితం ఒకటే కావాలి: ఎర్ర దీపం.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. భిలాయిలో తయారయ్యే రకం సరుకు మీదే ఇది నూట యాభై ఏళ్లుగా నడుస్తోంది. ఇక్కడి మిల్లులో 130 మీటర్ల పొడవున ఒకే ముక్కగా రైలు పట్టాలు తీస్తారు, వాటిని అతికి 260 మీటర్ల ప్యానెళ్లుగా పంపుతారు. అలాంటి పట్టాలనే తీగలుగా వాడుకోవచ్చని అమెరికాలో విలియం రాబిన్సన్ కనిపెట్టి 1872లో పేటెంటు పొందాడు. ట్రాక్ సర్క్యూట్ అంటారు దాన్ని. పట్టాల జత ఒక కొసలో బ్యాటరీ, రెండో కొసలో రిలే. కరెంటు పట్టాల వెంట పారి రిలేను పట్టి ఉంచినంతసేపు దారి ఖాళీ అని అర్థం. రైలు వచ్చి నిలిస్తే చక్రాలూ ఇరుసూ ఆ కరెంటును మధ్యలోనే కలిపేస్తాయి, రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎరుపవుతుంది. అసలు గొప్ప అది కాదు. పట్టా విరిగినా, వైరు తెగినా, బ్యాటరీ అయిపోయినా కూడా రిలే వదిలేస్తుంది, ఎరుపే పడుతుంది. కరెంటు ఉంటేనే పచ్చ, ఏ కారణంతో లేకపోయినా ఎరుపు. టిఫిన్ బండికి కావలసింది సరిగ్గా ఇదే, కాస్త చవకలో.

రిలే అంటే బండి సామాన్ల దుకాణంలో దొరికే ఐదు కాళ్ల డబ్బా. 85, 86 కాళ్ల మధ్య తీగచుట్ట. 30 అనే కాలు తీగచుట్టలో కరెంటు ఉన్నప్పుడు 87ను తాకుతుంది, లేనప్పుడు 87ఏను తాకుతుంది. దీపాన్ని 87ఏకు కడితే కరెంటు లేనప్పుడు వెలుగుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: ఆ తీగచుట్టకు కరెంటు ఎక్కణ్నుంచి ఇవ్వాలి?

చార్జరుకు వెళ్లే వైరు నుంచి ఇస్తే, చార్జరు లోపల మాడిపోయినా రిలేకు కరెంటు వస్తూనే ఉంటుంది. దీపం ఆరే ఉంటుంది. అది "పంపాను" అనే దీపం. పోనీ నేరుగా రెండో బ్యాటరీ నుంచే ఇద్దామంటే, మామూలు రిలే ఏడెనిమిది వోల్టులకే అతుక్కుపోతుంది. బ్యాటరీ సగం అయిపోయి 12.2 వోల్టుల దగ్గరున్నా, చార్జవుతూ 14 దగ్గరున్నా దానికి తేడా తెలియదు. అదీ పనికిరాదు.

పంపినదాన్ని అందినట్టు చూపించే దీపం ఎంత పని చేస్తుందో ప్రపంచం 1979 మార్చి 28న చూసింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రం. ఒత్తిడి తగ్గించడానికి తెరుచుకున్న ఒక వాల్వు తిరిగి మూసుకోకుండా ఇరుక్కుంది. కంట్రోల్ రూములో మాత్రం దాని దీపం ఆరిపోయింది. ఆపరేటర్లు మూసుకుందనుకున్నారు. ఆ దీపాన్ని వాల్వుకు కాదు, వాల్వుకు వెళ్లే విద్యుత్ ఆదేశానికి కట్టారు. మూసుకోమని చెప్పినట్టు అది తెలిపిందిగాని, మూసుకున్నదీ లేనిదీ దానికి తెలియదు. రెండు గంటలకు పైగా శీతలీకరణ నీరు ఆ దారిన పోయింది, రియాక్టరు గర్భంలో దాదాపు సగం కరిగింది. ఇళ్లలోనూ ఇదే జాతి దీపాలు వెలుగుతుంటాయి. "గ్యాసు బుక్ చెయ్యమని వాడికి చెప్పానే" అన్న మాటతో బండ ఇంటికి రాదు.

కాబట్టి వోల్టేజీని కొలిచి నిర్ణయం తీసుకునే రిలే కావాలి. వోల్టేజీ సెన్సింగ్ రిలే మాడ్యూల్ అని అడిగితే ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతుంది, వోల్టేజీ ఎంతకు అతుక్కోవాలో ఎంతకు వదలాలో మనమే పెట్టుకోవచ్చు. మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండి విశ్రాంతిలో ఉంటే 12.6, 12.7 వోల్టులు చూపిస్తుంది. చార్జవుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా ఎక్కుతుంది. బ్యాటరీ నిండాక చార్జరు 13.5 ప్రాంతానికి దిగి నిలకడగా ఉంటుంది. అందుకని మాడ్యూల్‌ను 13.2కు అతుక్కునేలా, 12.8కు వదిలేలా పెట్టుకుంటే సరిపోతుంది. రెండు అంకెల మధ్య ఈ ఎడం లేకపోతే రిలే టకటకా కొట్టుకుంటూ దీపం మినుకుమినుకుమంటుంది.

వైరింగు ఇలా. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా మాడ్యూల్‌లో కామ్ అని రాసిన చోటికి. ఎన్‌సీ (ఇందాకటి 87ఏ లాంటిది) అని రాసిన చోటి నుంచి దీపానికి. దీపం రెండో కొస ఎర్తుకు. 12 వోల్టుల 2 వాట్ల బల్బు చాలు. ఎల్‌ఈడీ అయితే వరసలో వెయ్యి ఓముల రెసిస్టరు ఉండాలి, 12 మిల్లీ ఆంపియర్ల దగ్గర చక్కగా వెలుగుతుంది. ఇక మాడ్యూల్ కొలిచే వైర్లు రెండు, ప్లస్సుకు మరో చిన్న ఫ్యూజు, నేరుగా రెండో బ్యాటరీ మీదికి.

ఆ 'నేరుగా' అన్నదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. చార్జరు నుంచి వచ్చే లావు కేబులు కొసన రాగి లగ్గు ఉంటుంది, అది బ్యాటరీ బిగింపుకు నట్టుతో పడుతుంది. పని తొందరలో మిస్త్రీ కొలిచే సన్నవైరును కూడా ఆ లగ్గుకే చుట్టి బిగిస్తాడు. గతుకుల రోడ్డు మీద నట్టు వదులై, లగ్గు కింద పచ్చటి చిలుము పట్టిందనుకోండి. చార్జరు తన 14 వోల్టులను లగ్గు దాకా తెస్తుంది, బ్యాటరీలోకి మాత్రం చుక్క దిగదు. సన్నవైరు లగ్గు మీద ఉంది కాబట్టి 14 చూసి దీపాన్ని ఆర్పేస్తుంది. అందుకే సన్నవైరుకు వేరే చిన్న లగ్గు వేసి, బ్యాటరీ బిగింపులో ఇంకో బోల్టు కింద, సీసపు పోస్టుకు ఆనేలా బిగించాలి. పది రూపాయల తేడా. "అందింది" అని చెప్పగలిగేది అందుకున్నవాడే.

తాళం తిప్పి ఇంజను స్టార్టు చేయకముందు బ్యాటరీ విశ్రాంతి వోల్టేజీలో ఉంటుంది, రిలే వదిలే ఉంటుంది, దీపం వెలగాలి. అదే రోజువారీ ల్యాంప్ టెస్టు. బటన్ అక్కర్లేదు. ఇంజను లేచి చార్జింగు అందగానే ఆరుతుంది. రాత్రి తాళం తీసేస్తే దీపానికి కరెంటే ఉండదు కాబట్టి బ్యాటరీ తినదు. ఒక మినహాయింపు: ముందురోజు బ్యాటరీ బాగా దిగిపోతే చార్జింగు మొదలైనా కాసేపటిదాకా 13.2 ఎక్కదు, దీపం వెలిగే ఉంటుంది. అప్పుడే కంగారుపడి మిస్త్రీని తిట్టనక్కర్లేదు. అరగంట నడిచినా ఆరకపోతే మాత్రం ఆగి చూడాలి.

కేబులు సంగతీ చెప్పుకోవాలి. ఇంటి వైరింగులో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలామంది ఇళ్లలో అటక మీద ఉంటుంది, దాన్ని బండికి లాగేస్తారు. ఐదు మీటర్ల దూరానికి 20 ఆంపియర్లు పారితే ఆ వైరు ఒక్కటే 0.7 వోల్టు మింగేస్తుంది, 14.2గా బయల్దేరింది 13.5 అయి చేరుతుంది. అదే 16 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం 0.11 వోల్టు. చార్జరును ముందు ఇంజను వేడిలో కాకుండా రెండో బ్యాటరీ పక్కన బిగించమనడం అందుకే. లావు కేబులు రెండు కొసల్లోనూ, బ్యాటరీకి జానెడు దూరంలో 30 ఆంపియర్ల ఫ్యూజులు ఉండి తీరాలి. బ్యాటరీలు రెండువైపులా ఉన్నప్పుడు మధ్యలో కేబులు ఒరుసుకుపోతే మంట ఏ వైపు నుంచైనా రావచ్చు.

టిఫిన్ బండి కాబట్టి ఇంకో మాట, ఇందులో రాజీ లేదు. చార్జయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది, అది పైకి లేస్తుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలబారున చేరుతుంది. రిలే అతుక్కున్న ప్రతిసారీ లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఈ మూడింటినీ ఒకే డబ్బాలో, అందులోనూ వెలుగుతున్న పొయ్యి కింద పెట్టిన బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. బ్యాటరీ, చార్జరు, మాడ్యూలు సిలిండరుకు దూరంగా, మధ్యలో రేకు అడ్డంతో, బయటి గాలి ఆడే చోట ఉండాలి.

దీపం ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద వెంకన్న పటం, పటానికి దండ, అద్దానికి వేలాడే నిమ్మకాయ మిరపకాయలు, పార్కింగు రసీదుల కట్ట. వీటి వెనక పెట్టిన దీపం వెలిగినా దేవుడికే తెలియాలి. స్టీరింగు వెనకాల, స్పీడు ముల్లు పక్కన చోటు వెతకాలి. వెలుగు కళ్లలో పడుతోందని దాని మీద నల్ల టేపు వేసేవాళ్లు కూడా ఉన్నారు. టేపుకు సూదితో చిన్న కంత పెట్టుకుంటే రాత్రివేళ సరిపోతుంది, పగలు కనబడదు. దానికన్నా రెసిస్టరు విలువ పెంచి వెలుగు తగ్గించుకోవడం నయం.

వైరింగు అయ్యాక మిస్త్రీకి డబ్బులిచ్చే ముందు రెండు పరీక్షలు పెట్టాలి. ఇంజను నడుస్తూ దీపం ఆరి ఉన్నప్పుడు, కొలిచే వైరు ఫ్యూజు పీకాలి. దీపం వెంటనే వెలగాలి. దాన్ని తిరిగి పెట్టి చార్జరు ఫ్యూజు పీకి, ఫ్యానూ లైట్లూ వెయ్యాలి. వోల్టేజీ 12.8 కిందికి దిగగానే, అంటే కొద్ది నిమిషాల్లో, దీపం రావాలి. ఈ రెంటిలో ఏది తప్పినా వైరింగు పూర్తి కానట్టే. "బాగానే ఉన్నాది మావయ్యా, నాది గ్యారంటీ" అన్న మాటను కూడా "పంపేశానండీ" ఖాతాలోనే వేసుకోవాలి.

దీపానికి తెలియనిదీ ఒకటుంది. అది చార్జింగు అందుతోందో లేదో చెబుతుంది, సరిపోతోందో లేదో చెప్పదు. మన బండి రోజూ వాడేది 24 ఆంపియర్-అవర్లు. రానూ పోనూ కలిపి నడిచేది 40 నిమిషాలైతే, 20 ఆంపియర్ల చొప్పున అందేది 13. రోజుకు 11 అప్పు. నాలుగు రోజులకు 44, అంటే 75లో సగం దాటిపోయింది. దీపం నాలుగు రోజులూ నిజమే చెప్పింది. కాకపోతే రోజురోజుకూ ఆరడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, గమనించేవాడికి అదొక కబురు. రాత్రి ఇంటి దగ్గర కరెంటు చార్జరు పెట్టుకోవడమో, బేరం లేని సోమవారం దాన్ని నింపుకోవడమో చెయ్యాలి. దిగిపోయిన లెడ్-యాసిడ్ బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ నిండదు. వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఈ ఊళ్లో డిస్టిల్డ్ వాటర్ మట్టం కూడా తరచూ చూసుకోవాలి.

ఈ అధ్యాయం చదివినవారికి రెండో బ్యాటరీ లేకపోవచ్చు, బండి మాత్రం చాలామందికి ఉంటుంది. రేపు పొద్దున్న తాళం తిప్పాక వెంటనే సెల్ఫ్ కొట్టకుండా రెండు క్షణాలు ఆగి, డ్యాష్‌బోర్డులో ఎన్ని దీపాలు వెలిగాయో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే నెల మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే, అది ఏ దీపమో కనుక్కున్నాకే బండి తీయండి.